రెండు చక్రాల చరిత్ర – 9: పసుపు కాగితం మీద పేరు

పోయిన సంచికలో 1888 దగ్గర ఆగాం. బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టం తొడిగిన కాలం అది. ఆ గాలి టైరు వచ్చాక సైకిలు పందెం కొందరికి నిండు బతుకుదెరువైంది. ఆ కథ జరిగింది పారిస్‌లో. నేను మాత్రం మా ఊరి చావిడి ముందర మొదలుపెడతాను.

కంభానికీ బేస్తవారిపేటకూ నడుమ ఒక పల్లె మాది. నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు, కందులూ జొన్నలూ ఇళ్ళకు చేరి జనం చేతుల్లో నాలుగు డబ్బులాడే రోజుల్లో, ఊళ్ళోకి ఒక సైకిలాయన వచ్చాడు. ఏడు రోజులు నేల మీద కాలు పెట్టకుండా తొక్కుతానన్నాడు. చావిడి ముందర గుంజ పాతారు. గుంజకు మైకు గొట్టం కట్టారు. చుట్టూ తాడు లాగారు. ఆ తాడు లోపల గుండ్రంగా తిరగడమే అతని పని.

మొదటి రోజు అంతా హుషారే. చేతులు వదిలేసి తొక్కాడు, సీటు మీద నిలబడ్డాడు, హ్యాండిలు మీద కూర్చుని వెనక్కి తిరిగి తొక్కాడు, నీళ్ళబిందెను పళ్ళతో పట్టి లేపాడు. మూడో రోజుకు ఆటలు తగ్గాయి. తొక్కుతూనే స్నానం చేసేవాడు, అతని వెంట వచ్చిన కుర్రాడు బిందెతో పక్కన పరిగెత్తుతూ నీళ్ళు పోసేవాడు. తొక్కుతూనే అన్నం తినేవాడు. టైరు పంక్చరైతే కుర్రాడు రెండో సైకిలు పక్కన నడిపించుకొస్తే, కాలు దించకుండానే దాని మీదికి మారేవాడు. తెల్లవారుజామున, ఊరంతా నిద్రపోతున్నప్పుడు, ఆ కుర్రాడే అతని భుజం మీద చెయ్యి వేసి పక్కన నడిచేవాడు. కళ్ళు మూసుకుని తొక్కేవాడు అతను. బర్రెకు గడ్డి వేయడానికి లేచిన మా నాయనమ్మ అది చూసి, "కాసేపు కాలు దించు నాయనా, ఎవురూ చూళ్ళేదులే" అంది. అతను తల అడ్డంగా ఊపి నవ్వాడు. అయిదో రోజుకు అతని పాదాలు చెప్పులు పట్టనంతగా వాచాయి. ఆ పాదాలు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి.

పొద్దుగూకాక చదివింపులు. ఎవరు ఎంత ఇచ్చిందీ మైకులో చదివేవాళ్ళు. రూపాయి నోటు పిన్నీసుతో అతని చొక్కాకు గుచ్చేవాళ్ళు. ఏడో రోజు దండలు వేసి దించారు. దిగినవాడు నిలబడలేకపోయాడు, ఇద్దరు రెక్కలు పట్టుకుని చావిడి అరుగు మీద కూర్చోబెట్టారు. మర్నాడు పొద్దున్నే సైకిలు బస్సు మీదికెక్కించుకుని గిద్దలూరు వైపు వెళ్ళిపోయాడు.

మైకులో దాతలందరి పేర్లూ విన్నాం. అతని పేరు మాత్రం నాకు తెలియదు. ఊళ్ళో పెద్దవాళ్ళనడిగినా 'సైకిలాయన' అనే అన్నారు.

కండబలంతో, సైకిలుతో పొట్టపోసుకునే మనిషిని ప్రొఫెషనల్ సైక్లిస్టు అంటారు. ఆ లెక్కన పశ్చిమ ప్రకాశం చూసిన ప్రొఫెషనల్ అతనే. మా ఊరు ఒక్కటే కాదు, తెలుగు నేల మీద అలాంటివాళ్ళు తిరగని తాలూకా లేదు. ఇది గొప్ప కోసం అంటున్న మాట కాదు. ప్రపంచంలో సైకిలు పందెం బతుకుదెరువుగా మారిన తొలి రోజుల్లో చాలామంది చేసింది ఈ పనే.

1878లో లండన్ ఇస్లింగ్టన్‌లోని అగ్రికల్చరల్ హాల్లో ఆరు రోజుల సైకిలు పందెం పెట్టారు. వారానికి ఏడు రోజులు కదా, ఆరే ఎందుకంటే, ఆదివారం వాళ్ళకు ప్రార్థన రోజు, ఆటలు కూడవు. ఆ ఆట అట్లాంటిక్ దాటి 1891లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు చేరింది. కప్పు కింద చెక్కల బాట, టిక్కెట్టు కొన్న జనం, గుండ్రంగా తిరిగే మనుషులు. నిద్రపోవచ్చు, ఎవరూ వద్దనరు, కాని పడుకున్నంతసేపూ అవతలివాడు చుట్లు పెంచుకుంటూనే ఉంటాడు. అందుకే పడుకునేవాళ్ళు కాదు. నాలుగో రోజుకు పిచ్చిచూపులు, లేని మనుషులతో మాటలు. 1897 డిసెంబరులో చార్లీ మిల్లర్ అనే అతను ఆరు రోజుల్లో 2,000 మైళ్ళు దాటించాడు. చూసినవాళ్ళకే భయం వేసి, ఒక మనిషి రోజుకు 12 గంటలకు మించి తొక్కకూడదని న్యూయార్కు రాష్ట్రం చట్టం చేసింది. గార్డెన్ యజమానులు దానికి ఉపాయం కనిపెట్టారు. ఇద్దరిద్దరిని జట్టు కట్టి, ఒకడు దిగితే ఒకడు ఎక్కేట్టు చేసి, పందెం మాత్రం ఇరవై నాలుగు గంటలూ నడిపారు. ఒలింపిక్స్‌లో ఈరోజు కనబడే 'మాడిసన్' పోటీ ఆ ఉపాయానికి పుట్టిందే.

మరి ఈ గుండ్రటి బాటను విప్పి రోడ్డు మీద పరిచింది ఎవరు? పత్రికలు. ఈ సంచికలో నేను చెప్పదలచిన అసలు మాట అదే.

1869 నవంబరు 7న పారిస్ నుంచి రువాఁ పట్నానికి తొలి ఊరూరి పందెం జరిగింది. 123 కిలోమీటర్లు. గిద్దలూరు నుంచి ఒంగోలుకు పోయే దూరానికి కాస్త తక్కువ. నడిపింది ఒక సైకిలు పత్రిక, సైకిళ్ళు తయారుచేసే మిషో కంపెనీ వాళ్ళతో కలిసి. గెలిచిన జేమ్స్ మూర్‌కు పదిన్నర గంటలు పైనే పట్టింది, బహుమానం 1,000 ఫ్రాంకులు. 'మిస్ అమెరికా' అనే మారుపేరుతో ఒక స్త్రీ కూడా ఆ దూరం పూర్తిచేసింది. 1891లో 'ల పెతి జుర్నాల్' అనే దినపత్రిక పారిస్ నుంచి బ్రెస్ట్ రేవు దాకా పోయి తిరిగి రమ్మంది. 1,200 కిలోమీటర్లు. షార్ల్ తెరొఁ అనే అతను కంటి మీద కునుకు లేకుండా 71 గంటల 22 నిమిషాల్లో వచ్చేశాడు. అతని చక్రాలకున్నవి మిషెలిన్ కొత్తగా తయారుచేసిన, ఊడదీసి బిగించే టైర్లు. పంక్చరైతే దారిలోనే ఊడదీసి అతుకు వేసుకోవచ్చని జనానికి అర్థమయింది. పత్రికలు అమ్ముడుపోయాయి, టైర్లూ అమ్ముడుపోయాయి.

ఇక్కడినుంచి కథ రాజకీయాల్లోకి పోతుంది. అప్పట్లో ఫ్రాన్సులో క్రీడల పత్రిక అంటే 'ల వెలో'. ఆకుపచ్చ కాగితం మీద అచ్చయ్యేది. దేశద్రోహి అని ముద్రవేసి జైలుపాలు చేసిన డ్రెయిఫస్ అనే యూదు సైనికాధికారి విషయంలో ఫ్రాన్సు నిలువునా రెండుగా చీలిన రోజులవి. ల వెలో సంపాదకుడు పియెర్ జిఫార్ డ్రెయిఫస్ పక్షాన నిలబడ్డాడు. ఆ పత్రికకు ప్రకటనలిచ్చే కార్ల, టైర్ల కంపెనీల యజమానులు కొందరిది అవతలి పక్షం. వాళ్ళంతా కూడి 1900 అక్టోబరులో పోటీ పత్రిక పెట్టారు, 'ఓటో–వెలో' అని, పసుపు కాగితం మీద. సంపాదకుడు ఆఁరీ దెగ్రాంజ్, ఒకప్పుడు గంటకు ఎక్కువ దూరం తొక్కిన రికార్డు అతనిదే. కోర్టుకెక్కితే 1903 జనవరిలో తీర్పు వచ్చింది. పేరులో 'వెలో' అన్న ముక్క తీసేయాలి. మిగిలింది 'ఓటో'. సైకిలు అభిమానుల కోసం పెట్టిన పత్రికకు పేరులోనే సైకిలు లేకుండా పోయింది. అమ్మకాలు అసలే అంతంత మాత్రం.

తీర్పు అటే వస్తుందని ముందే పసిగట్టారు వాళ్ళు. 1902 నవంబరు 20న దెగ్రాంజ్ తన దగ్గర పనిచేసే జియో లెఫెవ్ర్ అనే కుర్ర విలేఖరితో మాట్లాడుతున్నాడు. ఆ కుర్రాడు అన్నదేమిటంటే, కప్పు కింద ఆరు రోజుల పందెం పెడుతున్నారు కదా, దాన్ని రోడ్డెక్కిద్దాం, ఫ్రాన్సు చుట్టూ తిప్పుదాం అని. మా ఊరి చావిడి ముందర తాడు లాగి గీసిన గుండ్రం లాంటిదాన్నే ఒక దేశం పొలిమేర దాకా సాగదీయడమన్న మాట. టూర్ ద ఫ్రాన్స్ పుట్టుక ఇదే.

మొదట ఎవరూ రాలేదు. పదిహేను పేర్లకు మించి నమోదు కాలేదు. దెగ్రాంజ్ ప్రవేశరుసుము పది ఫ్రాంకులకు తగ్గించాడు, కొందరికి రోజుకు అయిదు ఫ్రాంకుల బత్తా ఇస్తానన్నాడు. అప్పుడొచ్చారు. ఎవరొచ్చారు? కూలీనాలీ జనం, ఫ్యాక్టరీలో ఆ డబ్బు రానివాళ్ళు. 1903 జులై 1 మధ్యాహ్నం మూడు దాటాక పారిస్ శివారు మోంజెరాఁలో ఒక సత్రం ముందునుంచి 60 మంది బయల్దేరారు. మొదటి అంచె లియాఁ దాకా, 467 కిలోమీటర్లు ఒక్క దెబ్బన, రాత్రంతా. ఒకటే గేరు. బండి ఇంచుమించు మన పాత పెద్ద సైకిలంత బరువు. భుజాన అడ్డంగా స్పేరు టైర్లు. దారి అంతా కంకర. మోరీస్ గారాఁ ఆ దూరం 17 గంటల 45 నిమిషాల్లో తొక్కేశాడు. ఆరు అంచెలు, 2,428 కిలోమీటర్లు, 19 రోజులు. పారిస్ తిరిగి చేరింది 21 మందే. గారాఁ రెండో మనిషి కంటే దాదాపు మూడు గంటలు ముందు.

గారాఁ పొగగొట్టాలు తుడిచే కుర్రాడు. ఆల్ప్స్ కొండల్లో, ఇటలీ వైపు ఒక పల్లెలో పుట్టి, ఒంటినిండా మసితో ఫ్రాన్సుకు వలస వచ్చినవాడు. అతని ఒక్కడి పేరే కాదు, దారిలో పడిపోయినవాళ్ళ పేర్లు, పంక్చరు వేసుకుంటూ రెండు గంటలు పోగొట్టుకున్నవాళ్ళ పేర్లు, అన్నీ ఆ పసుపు కాగితం మీద అచ్చయ్యాయి. లెఫెవ్ర్ కొంత దూరం సైకిలు మీద, కొంత దూరం రైల్లో వాళ్ళ వెంట పోయి, ఊరూరా ఆగి రాసి పంపాడు. 25 వేలు అమ్ముడుపోయే ఓటో 65 వేలకు ఎక్కింది. మరుసటి ఏడు పందెంలో మోసాలు, దెబ్బలాటలు జరిగి, గారాఁతో సహా మొదటి నలుగురినీ కొట్టేసి, 19 ఏళ్ళ ఆఁరీ కోర్నేను విజేత అన్నారు. ఆ మోసాల చిట్టా కూడా అచ్చులోనే ఉంది. అందుకే నూట ఇరవై ఏళ్ళ తరవాత నేనిక్కడ కూర్చుని వాళ్ళ పేర్లు రాయగలుగుతున్నాను.

ఈ పందెగాళ్ళలో నాకు అందరికంటే దగ్గరివాడనిపించేది యూజీన్ క్రిస్తోఫ్. ఎందుకో చెప్పాలంటే ముందు సైకిలు షాపు గురించి చెప్పాలి.

మార్కాపురంలోనో గిద్దలూరులోనో పాత సైకిలు షాపు తెలిసినవాళ్ళకు ఆ దృశ్యం కళ్ళముందే ఉంటుంది. ముందర వరసగా అద్దె సైకిళ్ళు, మడ్‌గార్డు మీద పెయింటుతో నంబరు. గంటల లెక్క రాసే నోటుబుక్కు. సగానికి కోసిన నూనె డబ్బాలో మురికి నీళ్ళు; అందులో ట్యూబు ముంచి, బుడగలు లేచేచోట పుల్లతో గుర్తు పెట్టి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, ఊది ఆరబెట్టి, రబ్బరు ముక్క అతికించి సుత్తితో కొట్టడం. ఆ పని చూస్తూ పెరిగాం. రీము వంగితే పుల్లలు బిగించి సరిచేసేవాళ్ళు. ఫోర్కు విరిగితే మాత్రం షాపువాడు చేతులెత్తేసేవాడు. అది కమ్మరికొలిమి పని.

1913లో క్రిస్తోఫ్‌కు విరిగింది ఫోర్కే. పిరెనీస్ కొండల్లో తుర్మలే కనుమ దిగుతుండగా. ఆ రోజుకు అతనే గెలుపుగుర్రం. నిబంధన ఏమిటంటే, పందెగాడికి ఎవరూ సాయం చేయకూడదు, బండి మార్చకూడదు, చెడింది తానే బాగుచేసుకోవాలి. పది కిలోమీటర్లు పైనే సైకిలు భుజాన మోసుకుని, ఏడుస్తూ, కొండ దిగి సెంత్ మరీ ద కాంపాన్ అనే పల్లెలో కమ్మరికొలిమి చేరాడు. అతనికి తాళాల పని వచ్చు, ఇనుము సంగతి తెలుసు. కొలిమి దగ్గర నిలబడి తన ఫోర్కు తనే అతుకు వేసుకున్నాడు. మూడు గంటలు పట్టింది. టూరు అధికారులు పక్కనే నిలబడి చూస్తూ ఉన్నారు. సుత్తి ఒక చేత, పట్టకారు ఒక చేత, తిత్తి ఊదడానికి మూడో చెయ్యి లేక కొలిమి దగ్గరున్న ఒక చిన్న పిల్లవాడిని ఊదమన్నాడు. అది పరసాయం కిందికి వస్తుందని పది నిమిషాలు జరిమానా వేశారు, తరవాత దాన్ని మూడు నిమిషాలకు తగ్గించారు. అతను మళ్ళీ బండెక్కి ఆ అంచె పూర్తిచేశాడు. 1919లో పందెంలో ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ పుట్టినప్పుడు దాన్ని తొలిసారి తొడుక్కున్నదీ అతనే. అది ఓటో కాగితం రంగు. ఆ ఏడే చివరినుంచి రెండో అంచెలో ఫోర్కు మళ్ళీ విరిగింది. టూరు ఎప్పుడూ గెలవలేదు. ఆ కొలిమి ఉన్నచోట ఈరోజు అతని పేరుతో ఫలకం ఉంది, విగ్రహం ఉంది.

మా సైకిలాయనకు మరీ దగ్గరి చుట్టం ఇంకొకడున్నాడు. జూల్ దెలోఫ్ర్. కంపెనీ జట్టులో చోటు దొరకనివాళ్ళు సొంత ఖర్చుతో ఒంటరిగా పాల్గొనేవాళ్ళు అప్పట్లో. వాళ్ళకు బస లేదు, మెకానిక్ లేడు, అన్నం పెట్టే దిక్కు లేదు. దెలోఫ్ర్ మూడొందల కిలోమీటర్లు తొక్కి ఊరు చేరాక, బజారులో పిల్లిమొగ్గలు, గారడీలు చేసి, జనం ముందు టోపీ తిప్పేవాడు. పడిన చిల్లరతో ఆ రాత్రికి గది అద్దె కట్టేవాడు. 1908 నుంచి 1928 దాకా పద్నాలుగుసార్లు టూరులో పాల్గొన్నాడు. పెద్దగా గెలిచిందేమీ లేదు. ఇతని గురించి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను. చొక్కాకు గుచ్చిన రూపాయి నోటు గుర్తుకొచ్చింది.

పత్రికలు వీళ్ళను ఆకాశానికెత్తాయి, అదే చేత్తో పిండుకున్నాయి కూడా. 1924లో, అంతకుముందు ఏడు టూరు గెలిచిన ఆఁరీ పెలిసియే మధ్యలో పందెం వదిలేశాడు. చలికి వేసుకున్న రెండో జెర్సీ ఎండెక్కాక తీసి పారేయకూడదన్న నిబంధన మీద గొడవ. ఆల్బేర్ లాండ్ర అనే విలేఖరి కుతాఁస్ ఊళ్ళో అతన్నీ, అతనితోపాటు పందెం వదిలేసినవాళ్ళనూ ఒక కాఫీ హోటల్లో పట్టుకున్నాడు. వాళ్ళు సంచుల్లోంచి కళ్ళకు వేసుకునే కొకెయిను, చిగుళ్ళకు రాసుకునే క్లోరోఫాం, మాత్రల డబ్బాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆ కథనం మర్నాడు ఫ్రాన్సంతా చదివింది. తరవాతి కాలంలో 1967 జులై 13న మోఁ వాఁతూ కొండ మీద టామ్ సింప్సన్ ప్రాణం పోవడానికీ, 2012లో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టైటిళ్ళూ ఊడిపోవడానికీ విత్తనం ఆ బల్ల మీదే కనబడుతుంది. దాని గురించి విడిగా ఒక సంచిక రాస్తాను.

ఇప్పుడు మార్కాపురానికి వద్దాం, కాని కొలంబియా మీదుగా.

దక్షిణ అమెరికాలో కొలంబియా రాజధాని బొగోటా దగ్గర జిపాకిరా అని ఒక ఊరు. ఉప్పు గనులు దాని బతుకు. మనకు పలకల గనులు ఎలాగో వాళ్ళకు ఉప్పు గనులు అలాగ. మార్కాపురం పలక దేశమంతటి పిల్లల చేతుల్లోకి పోయింది, కొండ తవ్వి, పొరలు చీల్చి, నునుపు చేసి, చట్రం బిగించి పంపిన పనివాళ్ళ పేరు మాత్రం ఏ పలక మీదా ఉండదు. జిపాకిరా ఉప్పూ అంతే. అయితే బొగోటా దినపత్రిక 'ఎల్ తియెంపో' దేశం చుట్టూ సైకిలు పందెం పెడతానంది. ఆండీస్ కొండల మట్టిదారుల్లో సైకిళ్ళు పోవని నలుగురూ నవ్వారు. జిపాకిరా కుర్రాడు ఎఫ్రాయిన్ ఫొరేరో ఒప్పుకోలేదు. మూడున్నర వేల మీటర్లకు పైన ఉన్న లెత్రాస్ కనుమను సైకిలు మీదే దాటి చూపించాడు. పందెం జరిగింది. 1951లో, పది అంచెలు. గెలిచింది ఫొరేరోనే. పత్రిక రాసింది, రేడియో కొండకొండకూ వినిపించింది. పల్లెల్లో సైకిలు మీద బడికి, పొలానికి పోయే పిల్లలు ఆ రేడియో విని పెరిగారు. తోటమాలిగా పనిచేసిన లూచో ఎర్రేరా 1987లో స్పెయిన్ టూరు గెలిచాడు. 2019లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన మొట్టమొదటి లాటిన్ అమెరికా మనిషి ఎగాన్ బెర్నాల్ పెరిగిన ఊరు ఏదో తెలుసా? జిపాకిరానే. ఫొరేరో నుంచి బెర్నాల్ దాకా 68 ఏళ్ళు.

తూర్పు ఆఫ్రికాలో ఎరిత్రియాదీ ఇదే దారి. పాలించిన ఇటలీవాళ్ళు వదిలిపోయిన సైకిలు మోజును అక్కడి జనం సొంతం చేసుకున్నారు. 2024 టూరులో బినియాం గిర్మాయ్ మూడు అంచెలు గెలిచి, పాయింట్లలో ముందున్నవాడికిచ్చే ఆకుపచ్చ జెర్సీతో పందెం ముగించాడు.

మనకు కొండ లేదా? గిద్దలూరు దాటి దిగువమెట్ట నుంచి నల్లమల ఎక్కే దారి ఉంది, గాజులపల్లె మీదుగా నంద్యాల దాకా. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఉంది. కాళ్ళు లేవా? 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ ఫ్యాక్టరీ, 1956లో లుధియానాలో హీరో వచ్చాక ఈ కరువు సీమలో సైకిలే బస్సు, సైకిలే లారీ. ఈ మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది. అప్పట్లో జిల్లా కేంద్రానికి పోవాలంటే నల్లమల దాటాల్సివచ్చేది. రెండు పాలక్యాన్లు, లేదా బట్టల మూట, లేదా పుల్ల ఐసు పెట్టె కట్టుకుని నలభై కిలోమీటర్లు తిరిగొచ్చినవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. ఇప్పటి టూరు బండికి ఉండాల్సిన కనీస బరువు 6.8 కిలోలు. మా నాయన సైకిలు దానికి మూడింతలు, సరుకు కట్టకముందే.

లేనిది పందెం. దాన్ని పెట్టే పత్రిక, దాని మీద బతకనిచ్చే జీతం. బొంబాయిలో ఆ పని కొంత జరిగింది. ముంబై–పుణె పందెంలో ఖండాలా ఘాటు ముందుగా ఎక్కినవాడికి 'ఘాటాచా రాజా' అనే బిరుదు ఇచ్చేవాళ్ళు, ఘాటుకు రాజు అని. జానకీదాస్ అనే మన సైక్లిస్టు 1938లో సిడ్నీ ఎంపైర్ క్రీడల్లో తొక్కాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌కు మన సైకిలు జట్టు వెళ్ళింది. రైల్వేలు, సైన్యం తొక్కేవాళ్ళకు ఉద్యోగాలిచ్చాయి. హైదరాబాదులో 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వెలోడ్రోం కట్టారు. తెరొఁ గెలిచిన పారిస్–బ్రెస్ట్–పారిస్ ఇప్పుడు పందెం కాదు, 90 గంటల గడువులో పూర్తిచేసే యాత్ర. 2019లో దానికి మన దేశం నుంచి వందల మంది వెళ్ళారు. టూర్ ద ఫ్రాన్స్ గీత దగ్గర మాత్రం ఇంతవరకు ఒక్క భారతీయుడూ నిలబడలేదు.

కారణం మన వాళ్ళ కాళ్ళలో లేదని నా నమ్మకం. గారాఁను, ఫొరేరోను గుర్తుపట్టి గుండ్రంలోంచి రోడ్డు మీదికి తెచ్చినవాళ్ళున్నారు. మా సైకిలాయనను ఎవరూ తీసుకురాలేదు. ఏడు రాత్రుల నిద్ర చంపుకున్న ఆ ఓపిక ముప్పై అడుగుల బయలులోనే తిరిగి తిరిగి ఆగిపోయింది. ఇందులో పత్రికల్లో రాసే నావంటివాళ్ళ తప్పు కూడా ఉంది.

అందుకే ఈసారి పాఠకులను ఒకటి అడుగుతున్నాను. మార్కాపురం, గిద్దలూరు, కంభం, తర్లుపాడు, రాచర్ల, కొమరోలు, అర్ధవీడు, దోర్నాల, త్రిపురాంతకం, యర్రగొండపాలెం, పొదిలి పల్లెల్లో రోజుల తరబడి సైకిలు తొక్కినవాళ్ళను చూసినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. వాళ్ళ కుటుంబాలవాళ్ళూ ఉండొచ్చు. మనిషి పేరు, సొంత ఊరు, ఏ ఏడు, ఎన్ని రోజులు తొక్కాడు, వెంట ఎవరొచ్చారు, ఇప్పుడు ఉన్నాడా లేడా, తెలిసినంత ఒక ఉత్తరం ముక్క రాసి పత్రిక చిరునామాకు పంపండి. ఫొటో ఉంటే చూసి భద్రంగా తిప్పి పంపుతాం. వాళ్ళ అనుమతి ఉన్న ప్రతి పేరూ ఈ ధారావాహికలో, మోరీస్ గారాఁ పేరు పడిన సైజు అక్షరాల్లోనే, అచ్చువేస్తాం.